గడువుల గుమాస్తా

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు. ఆ వీధిలో ఎవరిని అడిగినా "గడువుల గుమాస్తా గారా? అదిగో, ఆ మెట్ల కింద గది" అని చూపిస్తారు. ముప్పై నాలుగేళ్ళు ఒకే ఆడిటరు గారి దగ్గర పనిచేశాడు. అన్నేళ్ళలో ఒక్కరి గడువు కూడా దాటనివ్వలేదన్నది ఆయన ఏకైక ఆస్తి. భార్య పుట్టినరోజు మరిచిపోయేవాడు, సొంత పెళ్ళిరోజు మరిచిపోయేవాడు గానీ, వీధి చివరి పెయింట్ల కొట్టువాడు ముందస్తు పన్ను మూడో వాయిదా ఎప్పుడు కట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. మన పెళ్ళికి కూడా ఆలస్య రుసుము పెట్టి ఉంటే ఈయనకి తేదీ గుర్తుండేది అని భార్య ఎత్తిపొడుస్తూ ఉండేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

పన్ను లెక్కలు రాసేవాళ్ళకి ఒక అలవాటుంది, అది బయటివాళ్ళకి తెలియదు. పన్నుల శాఖ వెబ్‌సైటులో ప్రతి ఖాతాకీ ఒక ఫోను నంబరు, ఒక ఈమెయిలు ఇవ్వాలి. నోటీసు వచ్చినా వాటికే, లోపలికి వెళ్ళడానికి కావలసిన ఆరంకెల ఓటీపీ వచ్చినా వాటికే. అక్కడ ఉండాల్సింది ఖాతాదారు నంబరే. కానీ పనిలో మునిగి ఉన్నవాడికి ఫోను చేసి ఆరంకెలు చెప్పమంటే విసుక్కుంటాడు. కళ్ళజోడు వెతుక్కుని, మెసేజి వెతుక్కుని చెప్పేలోపు ఓటీపీ గడువు దాటిపోతుంది. అందుకని గుమాస్తాలు అందరికీ తమ ఆఫీసు నంబరే ఇచ్చేస్తారు. మన గుమాస్తా కూడా ఆడిటరు గారి రెండో ఫోను నంబరూ, ఆఫీసు ఈమెయిలూ ఇచ్చాడు. ఒకరికీ ఇద్దరికీ కాదు, గడప తొక్కిన ప్రతివాళ్ళకీ. వాళ్ళు కూడా ఆ తలనొప్పి మాకొద్దు బాబూ, మీరే చూసుకోండి అన్నవాళ్ళే.

పదకొండు నెలల కిందట ఆడిటరు గారు కూర్చున్న కుర్చీలోనే పోయారు. మంచి చావే అన్నారు అందరూ. పోయినవాడికి మంచిదే, మిగిలినవాడి సంగతి ఎవరికి పట్టింది? ఆడిటరు గారి కొడుకు ఆఫీసు ఖాళీ చేశాడు. కంప్యూటరులో ఉన్నదంతా తుడిచేసి, కూతురి చదువుకి పనికొస్తుందని పట్టుకుపోయాడు. పాస్‌వర్డులన్నీ అందులోనే ఉండేవి. గుమాస్తా కాగితాల కట్టల్ని బస్తాల్లో వేసుకుని తన మెట్ల కింద గదికి చేర్చాడు. ఆ రెండో ఫోను కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆ ఫోనే ఆయన ప్రాణం తీసింది. పొద్దున్నించి సాయంత్రం దాకా మోగేది. ఎత్తితే "సార్ ఉన్నారా?" లేరండీ, పోయారండీ అని చెప్పాలి. అయ్యో అంటారు. ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అంటారు. అదంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. రోజుకి ఇరవై సార్లు ఆడిటరు గారిని పాడె ఎక్కించినట్టే ఉండేది. పదకొండో రోజున ఎవరికో చెబుతూ చెబుతూ గుమాస్తా మాట మధ్యలోనే పెట్టేశాడు. ఫోను ఆపేసి సొరుగులో పడేశాడు. మరి రీఛార్జి చేయించలేదు. మూడు నెలలు డబ్బు కట్టకపోతే నంబరు చచ్చిపోతుందనీ, ఆ తర్వాత దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారనీ ఆయనకి తెలుసు. ఆ ఏటి రిటర్నులు ఆడిటరు గారు ఉండగానే వేసేశారు. మళ్ళీ సీజను వచ్చినప్పుడు అందరూ ఎలాగూ వస్తారు, అప్పుడు వాళ్ళ వాళ్ళ నంబర్లు ఎక్కిద్దామనుకున్నాడు. గడువు లేదు కదా అని ఒక పనిని వాయిదా వేయడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఆ ఏడాదే చట్టం కూడా మారింది. అరవై ఏళ్ళుగా ఉన్న పన్ను చట్టాన్ని పక్కన పెట్టి కొత్తది తెచ్చారు. సెక్షన్ల నంబర్లన్నీ తారుమారయ్యాయి. నోటితో గడగడా చెప్పే గుమాస్తా మళ్ళీ ఎక్కాలు నేర్చుకునే పిల్లాడిలా కూర్చుని వల్లె వేయాల్సి వచ్చింది. దానికైనా ఆయన బాధపడలేదు. బాధంతా ఆఫీసరు కనిపించకుండా పోయినందుకు. ఒకప్పుడు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి అయ్యా, వారం రోజులు టైము ఇప్పించండి అంటే, తిట్టో కొట్టో ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నోటీసు ఎవరు పంపారో తెలియదు, ఏ ఊళ్ళో కూర్చుని పంపారో తెలియదు. అది పెట్టెలో పడ్డ క్షణమే మీకు అందినట్టు లెక్క. మీరు చూశారా, చచ్చారా అని అడిగే దిక్కు లేదు.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున స్ప్రింగులావిడ వచ్చింది. ఆమెకి ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. షట్టర్లకీ, కాటాలకీ స్ప్రింగులు చుడతారు. ఆరుగురు పనివాళ్ళు. భర్త బతికుండగా బ్యాంకు అప్పు సులువుగా వస్తుందని ఆడిటరు గారే దాన్ని ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ చేయించారు. ఇప్పుడా కంపెనీకి ఇద్దరే డైరెక్టర్లు, ఆమె, ఆమె అత్తగారు. భర్త పోయాక వచ్చిన బీమా సొమ్ము మొత్తం ఆమె కంపెనీలోనే పోసింది. ఆ సొమ్ముతోనే పనివాళ్ళ జీతాలు ఆగకుండా, మిషన్లు ఆగకుండా నెట్టుకొచ్చింది.

ఆమె చేతిలో బ్యాంకు వాళ్ళ కాగితం ఉంది. పన్నుల శాఖ ఆదేశం మేరకు కంపెనీ ఖాతా నిలిపివేశాం అని రెండు ముక్కలు. ఎందుకో రాయలేదు. శనివారం జీతాలివ్వాలి అన్నయ్యగారూ అంటూ ఆమె స్టూలు మీద కూర్చుంది. గుమాస్తా ఆమె ముందే బ్యాంకు మేనేజరుకి ఫోను చేశాడు. మేనేజరు తెలిసినవాడే కాబట్టి ఉన్నది చెప్పాడు. మూడు నోటీసులు వెళ్ళాయట, ఒక్కదానికీ జవాబు లేదట. బీమా సొమ్ముని ఎక్కడిదో తెలియని ఆదాయం కింద కట్టి, పన్ను, వడ్డీ, జరిమానా కలిపి ఉత్తర్వు వేసేశారట. ఉత్తర్వు తేదీ అడిగితే, పోయిన నెలాఖరుదిలెండి అన్నాడు.

మూడు నోటీసులు అన్న మాట చెవిన పడగానే గుమాస్తా చెయ్యి సొరుగు మీదకి వెళ్ళింది. అవి ఎక్కడికి వెళ్ళాయో ఆయనకి వెంటనే తెలిసిపోయింది. బీమా కంపెనీ ఇచ్చిన పత్రం ఆయన వెనక బస్తాలోనే ఉంది. మొదటి నోటీసుకి ఆ ఒక్క కాగితం జతచేసి పంపితే ఐదు నిమిషాల్లో తీరిపోయే వ్యవహారం.

"ఏమంటున్నారు అన్నయ్యగారూ?" అని అడిగింది ఆమె.

ముప్పై నాలుగేళ్ళ పరువు నాలుక మీదకొచ్చి కూర్చుంది. "పైవాళ్ళ పొరపాటు చెల్లెమ్మా. నేను చూసుకుంటాను," అన్నాడు.

ఆమె ఆ మాట పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మీరుండగా నాకేం భయం అంది. మనిషిని చంపడానికి కత్తే అక్కర్లేదు.

అప్పీలుకి ముప్పై రోజులు. నెలాఖరు నుంచి లెక్కేస్తే గురువారం ఆఖరు. నాలుగు రోజులుంది. ఈలోగా అప్పీలు వేయగలిగితే పాము చావకుండా కర్ర విరగకుండా బయటపడొచ్చు, ఆమెకి అసలు సంగతి తెలియనే అక్కర్లేదు. వేయలేకపోతే కంపెనీ కట్టాలి. కంపెనీ దగ్గర లేకపోతే డైరెక్టర్లు సొంతంగా కట్టాలి. వాళ్ళకున్నది అత్తగారి పేరున ఉన్న ఆ రెండు గదుల ఇల్లే. లిమిటెడ్ కంపెనీ అంటే మన ఇంటి జోలికి రారమ్మా అని ఆ ముసలావిడ చేత సంతకం పెట్టించినవాడు కూడా ఈ గుమాస్తాయే.

వెబ్‌సైటులో కంపెనీ ఖాతాకి గుర్తున్న పాస్‌వర్డులు ఒక్కొక్కటే కొట్టి చూశాడు. ఐదోసారికి ఖాతా బిగుసుకుపోయింది. తెరవాలంటే ఆ పాత నంబరుకు వెళ్ళే ఆరంకెలు కావాలి. ఈమెయిలు తెరవాలన్నా ఆ నంబరే. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, మీ విన్నపం నమోదైంది, పదిహేను పనిదినాల్లో సంప్రదిస్తాం అంది ఒక గొంతు. గురువారం దాటితే నా శవాన్ని సంప్రదిస్తారా అని అడగాలనిపించింది. థాంక్సండీ అని పెట్టేశాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ నంబరుకే ఫోను చేశాడు. ఒక ఆడమనిషి ఎత్తింది. గుమాస్తా ఉన్నదంతా చెప్పి, మీ ఫోనుకి ఆరంకెలు వస్తాయమ్మా, దయచేసి చెప్పండి అనగానే టక్కున పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. భార్య ఫోను నుంచి చేస్తే ఎత్తి, పోలీసులకి చెబుతాను జాగ్రత్త అంది. ఆమె తప్పేముంది? ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని అట్ట మీద రాసి తన గది గోడకి అంటించుకున్నవాడు ఆయనే. నాలుగోసారి, మీరు నమ్మకపోయినా పర్వాలేదు, ఒక్కసారి మొహం చూసి మాట్లాడే అవకాశం ఇవ్వండమ్మా అని ఏడుపు గొంతుతో బతిమాలితే, ఒక ఆస్పత్రి పేరు చెప్పింది. అక్కడ ఆడవాళ్ళ వార్డులో ఆయాగా పనిచేస్తుందట.

మంగళవారం మధ్యాహ్నం ఆస్పత్రి మందుల కౌంటరు పక్కనున్న సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. గుమాస్తా ఆడిటరు గారి పాత విజిటింగ్ కార్డు చూపించాడు. దాని మీద ఆ నంబరే ఉంది. కార్డులు ఎవరైనా వేయించుకోవచ్చు కదండీ అంది ఆయా. మర్యాదగానే అంది. రెండేళ్ళ కిందట బ్యాంకు నుంచి అని చెప్పినవాడికి ఆరంకెలు చెప్పిందట. కూతురి నర్సింగు చదువుకని దాచినదంతా ఊడ్చుకుపోయాడట. కూతురు ఇప్పుడు అదే వార్డులో నేల తుడుస్తోంది.

"ఈ నంబరు తీసుకున్న దగ్గర్నించీ నాకు నిద్ర లేదండీ," అంది ఆయా. "నోటీసు జారీ అయింది, జవాబివ్వలేదు, చర్య తీసుకుంటాం అని మెసేజీలు. నా మీదే ఏదో కేసు అనుకున్నాను. మందుల షాపాయన చూసి, దొంగ మెసేజీలు, తుడిచెయ్యి అంటే తుడిచేశాను."

గుమాస్తా కార్డు జేబులో పెట్టుకున్నాడు. తను సొరుగులో పడేసిన ఫోను ముక్కూ మొహం తెలియని ఇంకో ఇంట్లో కూడా చిచ్చు పెట్టింది. చేతులు జోడించాడు. ఆరుగురు పనివాళ్ళని గురించి చెప్పాడు, ముసలావిడ ఇల్లు గురించి చెప్పాడు. ఆయా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ ఫోను మీద చెయ్యి మాత్రం తీయలేదు. చివరికి ఒక మాట అంది. "ఆ స్ప్రింగులావిడ ఉందన్నారు కదా, ఆవిణ్ణి తీసుకురండి. ఆవిడ నా ఎదురుగా కూర్చుని ఆ ఖాతా నాది అంటే, నేనే చదివి చెబుతాను. రేపంతా ఇక్కడే ఉంటాను."

ఇంతకంటే న్యాయమైన మాట ఎవరైనా అంటారా? గుమాస్తాకి అదే ఉరితాడైంది. ఆమెని తీసుకురావాలంటే ముందు ఆమెకి చెప్పాలి. పైవాళ్ళ పొరపాటు కాదు చెల్లెమ్మా, నా పొరపాటు అని చెప్పాలి. సాయంత్రం వర్క్‌షాపు వీధి దాకా వెళ్ళాడు. లోపల స్ప్రింగు చుట్టే మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆమె పనివాడికి ఏదో చూపిస్తూ వంగి ఉంది. తేలు కుట్టిన దొంగలా గోడ పక్కన కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాడు. ఇంటికొచ్చి అన్నం వద్దన్నాడు. భార్య ఒంట్లో బాలేదా అని నుదురు చూసింది.

బుధవారమంతా ఆయన ఏమేం చేశాడో చెబితే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆడిటరు గారి కొడుకుని బతిమాలి ఆ కంప్యూటరు చూశాడు. అందులో చిన్నపిల్ల బొమ్మలు వేసుకుంటోంది. ఫోను కంపెనీ ఆఫీసుకి వెళ్ళి చచ్చిపోయిన నంబరు మళ్ళీ ఇప్పించమన్నాడు. కౌంటరులో అమ్మాయి జాలిగా చూసింది. పన్నుల శాఖ ఆఫీసుకి వెళ్ళి ఎవరైనా ఆఫీసరుని కలుస్తానన్నాడు. ఈ ఫైలు ఏ ఊళ్ళో ఉందో మాకూ తెలియదు పెద్దాయనా అన్నాడు కాపలావాడు. సాయంత్రానికి కాళ్ళు వాచిపోయాయి. తిరిగిన దారులన్నీ ఒక్క గుమ్మం తప్పించుకోవడానికే తిరిగినవని ఆయనకీ తెలుసు. ఇంకా ఒక రోజుంది కదా అని తనకి తానే చెప్పుకున్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి వర్క్‌షాపు గుమ్మం ఎక్కాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. నంబరు ఎవరిదో, ఎందుకు ఆపేశాడో, నోటీసులు ఎక్కడ పడి ఉన్నాయో అంతా చెప్పాడు. ఆస్పత్రి ఆయా మీరు వస్తేనే ఇస్తానంటోంది అని కూడా చెప్పాడు. ఎప్పుడు చెప్పిందో మాత్రం చెప్పలేదు. ఆమె విన్నంతసేపూ చేతిలో ఉన్న స్ప్రింగుని లాగి వదులుతూ ఉంది. మొహంలో రంగు లేదు. లోపలికి వెళ్ళి, బిల్లులు వేసే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, "పదండి," అంది.

ఆయా అదే బల్ల దగ్గర ఉంది. స్ప్రింగులావిణ్ణి చూడగానే లేచి చోటిచ్చింది. ఏ భాషలో నమ్మకం కుదురుతుందో గానీ, ఇద్దరూ రెండు మాటలు మాట్లాడుకునేసరికి ఆయా ఫోను బయటికి తీసింది. గుమాస్తా ల్యాప్‌టాప్‌లో ఓటీపీ పంపే మీట నొక్కాడు. మెసేజి వచ్చింది. ఆయా ఒక్కో అంకె వేలు పెట్టి చదివింది. స్ప్రింగులావిడ కొట్టింది. ఖాతా తెరుచుకుంది. ముందుగా అందులో ఆమె సొంత నంబరు ఎక్కించారు.

మూడు నోటీసులూ వరసగా ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. వాటి కింద ఉత్తర్వు. గుమాస్తా తేదీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మేనేజరు నెలాఖరు అన్నది నోటివాటం మాట. అసలు ఉత్తర్వు ఒక రోజు ముందుదే. ముప్పై రోజులు నిన్న సాయంత్రంతో అయిపోయాయి.

తేదీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. లెక్క ఆమెకీ అర్థమైంది. "ఒక్క రోజా?" అంది.

పక్కనున్న ఆయా పాపం ఓదార్చబోయింది. "నేను మంగళవారమే చెప్పానమ్మా మిమ్మల్ని తీసుకురమ్మని. నిన్న సెలవు పెట్టుకుని మరీ పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ బల్ల మీదే చూశాను మీకోసం. మీకేం ఇబ్బంది వచ్చిందో ఏమో అనుకున్నాను."

మందుల కౌంటరు దగ్గర ఎవరో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. స్ప్రింగులావిడ గుమాస్తా మొహంలోకి చూసింది. ఆయన తల వంచుకున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి, ఆస్పత్రి బల్ల మీద, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నంబరు పోవడం దుఃఖం వల్ల అనుకోవచ్చు. ఈ ఒక్క రోజు పోవడం మాత్రం వట్టి సిగ్గు వల్ల. ఆ తేడా ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఏడవకండి. ఇప్పుడేం చేయాలో చెప్పండి," అంది ఆమె.

గడువు దాటినా అప్పీలు వేయొచ్చు, కాకపోతే ఎందుకు దాటిందో రాయాలి, వాళ్ళకి నచ్చితే తీసుకుంటారు, లేకపోతే అక్కడితో సరి అని చెప్పాడు. తీసుకున్నా వేసిన పన్నులో ఐదో వంతు ముందు కడితే గానీ ఖాతా వదలకపోవచ్చు. ఆమె ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళోకి జరిపింది. రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి అంది. ఆయన రాశాడు. నోటీసులు కంపెనీకి చేరకపోవడానికి లెక్కలు చూసే నేనే కారణం. కంపెనీ నంబరుకు బదులు మా నంబరు ఇచ్చి, దాన్ని పోనిచ్చింది నేనే. సంగతి తెలిశాక కూడా మూడు రోజులు దాచింది నేనే. కంపెనీ వారి తప్పు ఏమీ లేదు. ఆమె ఒక్కో వాక్యం చదివింది. ఒక్క మాట కూడా తీసేయమనలేదు. పంపేసింది.

లేవబోయి మళ్ళీ కూర్చుని అడిగింది. "ఇదే నంబరు ఇంకా ఎంతమంది ఖాతాల్లో ఉంది?"

"నూట పధ్నాలుగు."

"వాళ్ళకి తెలుసా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఇప్పుడే చెప్పండి. నేనూ ఈవిడా ఉన్నాం కదా, ఒక్కొక్కరికీ ఆరంకెలు తీసి ఇస్తాం. జీతాలు లేవని మావాళ్ళకి సాయంత్రం చెప్పుకుంటాను, అవెలాగూ లేవు." ఆమె గొంతులో కోపం ఉండుంటే ఆయనకి కాస్త ఊపిరి ఆడేది. లేదు. చెల్లెమ్మా అని ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు. "ముందు ఎవరికి చేస్తారు?" అంది.

గుమాస్తా ఫోను తీసి మొదటి నంబరు నొక్కాడు. అవతల ఎత్తినవాళ్ళు, గుమాస్తా గారు చేశారంటే ఏదో గడువు దగ్గర పడ్డట్టే అంటూ నవ్వారు.